మా వైపు రాయకముందే గంట కొట్టారు

నన్ను కాలేజీ డిబేట్లలో చూసినవాళ్ళెవరూ ఇది నమ్మరు. నేను నాలుగు నెలలు కూర్చోబెట్టి వ్యాసం రాయడం నేర్పిన ఐదుగురు పిల్లలు, అందులో నలుగురు ఆడపిల్లలే, మొన్న ఏప్రిల్‌లో శామీర్‌పేటకు పోయి, ఆడపిల్లకు చదువు అక్కర్లేదని మండలం మొత్తానికీ బ్రహ్మాండంగా నిరూపించి వచ్చారు. ఒక్కరూ తడబడలేదు. ఒక్క వాక్యం కూడా అరువు తెచ్చుకోలేదు. నేర్పింది నేనే కదా, మరి!

మొదటి నుంచి చెప్తాను. డిగ్రీ కాగానే విద్యా వాలంటీరుగా చేరాను. మేడ్చల్‌లో మా ఇంటి నుంచి శామీర్‌పేట పోయే దారిలో, ద్రాక్షతోటల మధ్య ఉన్న ఊరు. బడి ఏడో తరగతి దాకానే. ఎనిమిది చదవాలంటే శామీర్‌పేట హైస్కూలుకు బస్సెక్కాలి. మా హెడ్మాస్టర్ గారిది కోస్తా, కుత్బుల్లాపూర్ దగ్గర కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. రోజూ రెండు బస్సులు మారి వస్తారు. గొంతు పెంచి మాట్లాడటం ఆయనకు చేతకాదు. నాకు తగ్గించడం చేతకాదు. అట్లా కుదిరింది మా ఇద్దరికీ.

చేరిన వారానికి ఏడో తరగతి వాళ్ళని వర్షాకాలం మీద వ్యాసం రాయమన్నాను. ముప్పై ఒక్క నోట్‌బుక్కుల్లోనూ ప్రకృతి పులకరించింది. ఒకటే గైడు, ఒకటే పులకరింపు. మా బడి రేకులు కారి బెంచీలన్నీ తడిసిన సంగతి ఒక్కరూ రాయలేదు. ఇదేందని అడిగితే, వ్యాసంలో అట్లాంటివి రాయొచ్చా టీచర్ అని ఎదురడిగారు.

ఆ రోజు నుంచి గైడు బంద్. గోడకు ఒక చార్టు అంటించాను. రోజుకు ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒక మాట తేవాలి. పుస్తకంలో చూసింది కాదు, చెవులతో విన్నది. ఎవరన్నారో, ఎందుకన్నారో చెప్పి, దానితో రెండు వాక్యాలు రాయాలి. ఇగ చూడండి. తోటల్లో నుంచి పందిళ్ళు, చిగుళ్ళు, కత్తిరింపులు వచ్చాయి. పాల కేంద్రం నుంచి వెన్న శాతం వచ్చింది. ఒక పిల్ల వాళ్ళ అవ్వ నోటి నుంచి జామీనుకు 'జమానత్' అనే మాట పట్టుకొచ్చింది. రెండు నెలల్లో గోడ చాలలేదు, చార్టు తలుపు దాకా పాకింది. అందరికంటే ఎక్కువ మాటలు తెచ్చింది సువర్ణ. ఆ పిల్ల గురించే ఈ కథంతా.

సువర్ణ వాళ్ళ నాయిన యాదగిరికి మూడెకరాల ద్రాక్షతోట ఉంది. మా బడి కమిటీకి ఆయనే చైర్మన్. వెంటపడి ప్రహరీగోడ కట్టించిన మనిషి. బడి మీద ఇంత ప్రేముండి కూడా, సొంత బిడ్డను మాత్రం ఏడుతో ఆపేస్తానని సంక్రాంతి ముందే చెప్పేశాడు. నేను ఇంటికి పోయి గంటసేపు వాదించి వచ్చాను. ఆయన చాయ్ పోయించి, అంతా విని, మంచిగ మాట్లాడినవమ్మా అన్నాడు. మాట మాత్రం మార్చుకోలేదు.

అప్పుడే సర్క్యులర్ వచ్చింది. ఏడో తరగతి పరీక్షలయ్యాక, సెలవులకు ముందు, మండల స్థాయి వ్యాస పోటీ. అంశం: ఆడపిల్లకు చదువు. కమిటీ చైర్మన్లందరినీ స్టేజీ మీద కూర్చోబెడతారట. నా బుర్రలో లైటు వెలిగింది. ఫస్టు వచ్చిన వ్యాసాన్ని మైకులో చదువుతారు. సువర్ణ రాస్తుంది, యాదగిరి వింటాడు. నేను గంటసేపు చెప్పినా లొంగని మనిషి, పదిమందిలో సొంత బిడ్డ మాటకు లొంగడా?

హెడ్మాస్టర్ గారు సర్క్యులర్ నా చేతికిచ్చి, పూర్తిగా చదవమ్మా అన్నారు. చదివాను. అంశం దాకా. తర్వాత మడిచి హాజరు పట్టీలో పెట్టాను. పోటీ అంటే గంటసేపని నాకు తెలియదా! ఎన్ని పోటీలు చూశాను!

డిబేట్లలో నాకో పద్ధతి ఉండేది. ఎదుటివాడి వాదన ముందు నేనే చెప్పేసేదాన్ని, వాడికంటే గట్టిగా. వాడు నోరెళ్ళబెట్టి చూస్తుండగా ఒక్కొక్కటే విరగ్గొట్టేదాన్ని. పోటీకి ఎంచుకున్న ఐదుగురికీ అదే నేర్పాను. మొదటి అరగంట ఎదుటి పక్షం, రెండో అరగంట మన పక్షం. ఎదుటి పక్షం ఉత్తుత్తిగా రాస్తే ఒప్పుకోను, ఆ మాట అనేవాళ్ళ దగ్గరకే పోయి, వాళ్ళ మాటల్లోనే తేవాలి అన్నాను.

హెడ్మాస్టర్ గారు ఒకసారి కిటికీ దగ్గర నిలబడి విన్నారు. ముందు మన పక్షం రాయిస్తే మంచిదేమో అని నసిగారు. నేను పదిహేను నిమిషాలు మాట్లాడాను. ఆయన, సరేనమ్మా, నువ్వు చెప్పాక ఇంకేముంది అని వెళ్ళిపోయారు. నేను గెలిచానని చాలా సంతోషపడ్డాను.

సువర్ణ ఎక్కడికీ పోవాల్సిన పని లేకపోయింది. మూడు సాయంత్రాలు నోట్‌బుక్కు పట్టుకుని తోటలో నాయిన వెంట తిరిగింది. కత్తిరింపుల కాలం కదా, ఆయన కొమ్మలు కోస్తూ చెప్పాడు, ఈ పిల్ల రాసుకుంది. తన మాట ఒకరు కాగితం మీద పెడుతున్నారంటే ఎవరు చెప్పరు? ఎందుకు రాస్తున్నవని మాత్రం ఆయన అడగలేదట.

పోటీ రోజు వచ్చింది. పిల్లల్ని గదుల్లోకి పంపి, టీచర్లని బయట ఉండమన్నారు. నేను ఎదురుగా బండి దగ్గర మిర్చి బజ్జీలు తింటూ, పక్క ఊరి టీచర్లకు నా పద్ధతి వివరిస్తున్నాను. మూడో బజ్జీ చేతిలో ఉంది. గంట మోగింది. ఇది దేని గంట అని అడిగాను. వ్యాసం అయిపోయింది మేడం, అరగంటే కదా, సర్క్యులర్‌లో రాశారు కదా అన్నదొక టీచరమ్మ.

బజ్జీ గొంతులో అడ్డం పడ్డది.

మా ఐదుగురూ బయటికొచ్చారు. నలుగురు ఏడుపు మొహాలు. సువర్ణ మాత్రం తిన్నగా నా దగ్గరికొచ్చి, "టీచర్, మన వైపు మొదలువెడ్తుంటె పేపర్ గుంజుకున్నరు" అంది. ఎక్కడిదాకా రాశావంటే, నాయిన చెప్పినదంతా అయిపోయింది టీచర్, ఒక్క ముక్క విడువలేదు అంది.

లోపలికి పరుగెత్తాను. పేపర్లు దిద్దుతున్న అధికారికి, ఇది సగమేనండీ, రెండో సగం మిగిలిపోయిందని చెప్పబోయాను. టీచర్లు లోపలికి రాకూడదని ఆయన తలుపు వేసేశారు. ఇరవై రెండు కప్పులు గెలిచిన నేను, ఒక తలుపుతో వాదించలేక బయటే నిలబడ్డాను.

మధ్యాహ్నం సభ. స్టేజీ మీద చైర్మన్లు, చివరి కుర్చీలో తెల్ల తువ్వాల భుజాన వేసుకుని యాదగిరి. బహుమతులు ఇచ్చేశారు. మాకేం రాలేదు. పోనీలే, ఎవరికీ తెలియకుండా పోయిందనుకుంటుండగా ఆ అధికారి మైకు ముందుకొచ్చారు. ఒక బడి పిల్లలు ఐదుగురూ ఆడపిల్లల చదువుకు వ్యతిరేకంగా రాశారని, అక్కడి టీచర్లు ఏం నేర్పుతున్నారో సభే వినాలని అన్నారు. పేరు చెప్పకుండా ఒక పేపరు చదవడం మొదలుపెట్టారు.

"మా ఊరి బస్సు ఎనిమిదింటికి వస్తనంటది, తొమ్మిదింటికి వస్తది. గా బస్సు కోసం ఆడపిల్లను రోడ్డు మీద నిలవెట్టుడు నాకు నచ్చదు. ఏడు దాక చదివింది. ఉత్తరం చదువుతది, బస్సు బోర్డు చదువుతది, మందు డబ్బా మీద రాసింది చదువుతది. ఇంకేం గావాలె? ఏ కొమ్మ ఉంచాలె, ఏ కొమ్మ కొయ్యాలె, ఇంత చిన్న వయసుల గామెకు తెలుసు. పొద్దుగాల బస్సెక్కి పోతే నా ఎన్క ఎవరున్నరు?"

మొదట జనం నవ్వారు. చివరి మాటకు నవ్వు ఆగిపోయింది. నేను తలెత్తి చూశాను. యాదగిరి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇగ నా ఉద్యోగం పోయింది, సువర్ణ చదువూ పోయింది అనుకున్నాను.

"తర్వాత, సారూ?" అన్నాడు.

తర్వాత ఏం లేదు, అంతే రాసింది అన్నారు అధికారి.

"అంతే రాసుడేంది? గిది నా మాట సార్. మా పిల్ల మాటేది?"

సభంతా గుసగుసలు. అధికారికి ఏం అర్థం కాలేదు. హెడ్మాస్టర్ గారు, జీవితంలో మొదటిసారి అనుకుంటా, గొంతు పెంచి, ఆ పాప ఇక్కడే ఉంది సార్, టైము చాలలేదు, నోటితో చెప్పనివ్వండి అని అరిచారు. సువర్ణ స్టేజీ ఎక్కింది. నావైపు చూసింది. నేను చేతులు ఊపి సైగలు చేస్తున్నాను: మొదటి పాయింటు, రెండో పాయింటు. ఆ పిల్ల నన్ను చూడటం మానేసి నాయిన వైపు తిరిగింది.

"బస్సు లేటయితే బస్సును అడగాలె గని నన్ను బంద్ పెట్టుడేంది నాయినా? మందు డబ్బా మీద చదువుత, నిజమే. అండ్ల సగం నాకు సమజ్ గాదు. గది సమజ్ గావాలంటే ఎనిమిది చదవాలె. నీ ఎన్క నేనే ఉంట. సాయంత్రం ఐదింటికి వస్త గద."

అంతే. దిగిపోయింది. యాదగిరి కూర్చున్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకుని, బిడ్డను తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మండల విద్యాశాఖ ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. నేను మూడు పేజీలు రాసుకుని వెళ్ళేసరికి హెడ్మాస్టర్ గారు జవాబు పంపేశారు. సర్క్యులర్ టీచరుకు సకాలంలో అందించకపోవడం తన పొరపాటేనని రాశారట, ఆయన! నేను ఎదురుగా నిలబడి నా మూడు పేజీలు మడుచుకున్నాను. పోయి పిల్లల వ్యాసాలు దిద్దుకోమ్మా అన్నారు. ఆయనకు ఇప్పటికీ సరిగ్గా థ్యాంక్స్ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

సెలవులన్నీ బెంగతోనే గడిచాయి. నిన్న బడి తెరిచారు. పది కాకముందే యాదగిరి వచ్చాడు. సువర్ణ టీసీ కావాలన్నాడు.

టీసీ అంటే బడి నుంచి పేరు తీసేసుకోవడం, అంతే తట్టింది నాకు. నేను ఆగలేదు. ఏప్రిల్ నుంచి కడుపులో దాచుకున్న రెండో సగమంతా బయటికి తీశాను. బస్సు గురించి, భద్రత గురించి, తోట లెక్కల గురించి, రేపు ఆ పిల్లకు పుట్టబోయే పిల్లల గురించి కూడా మాట్లాడాను. హెడ్మాస్టర్ గారు మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తారు. నేను కూర్చోమని సైగ చేశాను. ఆయన ఆఫీసులో ఆయన్నే!

యాదగిరి గోడకు ఆనుకుని, ఓపిగ్గా, చివరిదాకా విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాడు.

"అయిపోయిందా అమ్మా? శామీర్‌పేట హైస్కూల్ల ఎనిమిదిల చేర్పియ్యాలంటె టీసీ తెమ్మన్నరు. జర జల్దీ ఇప్పియ్యి, పిల్ల బస్టాండ్ల నిలవడ్డది."

హెడ్మాస్టర్ గారు టీసీ ఎప్పుడో రాసి, సంతకం పెట్టి, చేతిలో పట్టుకుని ఉన్నారు. అందుకేనట చెయ్యెత్తింది.

యాదగిరి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గడప దగ్గర ఆగి, నొచ్చుకుంటానేమోనని కాబోలు మెల్లగా అన్నాడు:

"మంచిగనే చెప్పినవమ్మా. కాకపోతె మా పిల్ల గిదంత నాలుగు ముక్కలల్ల చెప్పింది."