ఆరు రీడింగుల సగటు

ఆ వర్షాకాలం నేను విజయవాడ కాలువల ఆఫీసులో కొత్త ఇంజనీరుని. పటమటలోని గది నుంచి సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. కృష్ణా కరకట్ట మీద కొలబద్ద దగ్గరుండే గేజీ రీడరు గంటకోసారి ఫోన్లో నీటిమట్టం చెప్పేవాడు. మట్టం ఎర్రగీత దాటితే నేను ఆర్డరివ్వాలి. అప్పుడే పడవలు కదిలి, నది మధ్యనున్న లంకలో జనాన్ని గట్టుకు చేరుస్తాయి.

గాలికి అల లేచినా, లాంచీ పోయినా అంకె ఎగిరిపడేది. అది నమ్మి రెండుసార్లు లంక ఖాళీ చేయించాను. వరద రాలేదు. మేకల్నీ కుండల్నీ మోసుకొచ్చిన ఆడవాళ్ళు నా మీద దుమ్మెత్తిపోశారు. మూడోసారి పిలిస్తే రారేమోనని హడలిపోయాను.

అప్పుడే నా చదువు గుర్తొచ్చింది. డిజిటల్ లో-పాస్ ఫిల్టర్ అంటే గబగబా ఎగిరిపడేవాటిని ఆపి, నిదానంగా వచ్చే మార్పునే దాటనిచ్చే లెక్క. చివరి ఆరు రీడింగులకు సగటు కట్టాను. గ్రాఫు మీద గీత నున్నగా వచ్చింది. అయితే అది అసలు నీటికంటే రెండు మూడు గంటలు వెనకే నడుస్తుంది. రీడింగులు తగ్గిస్తే ఉత్తుత్తి హెచ్చరికలు, పెంచితే ఆలస్యం. తిట్లకు భయపడి ఆరుకే కట్టుబడ్డాను.

ఒక మధ్యాహ్నం రీడరు ఫోన్ చేశాడు.

"బాగా ఎక్కిందండీ."

అతను చెప్పిన అంకె గీత దాటింది. నా సగటు దాటలేదు. అతని భార్య పదిరోజుల బాలింత, లంకలోనే ఉంది.

"ఇంకో గంట చూద్దాం" అన్నాను.

"సరేనండీ" అన్నాడు.

గంట తర్వాత సగటూ గీత దాటింది, ఆర్డరిచ్చాను. పడవలు వెళ్ళేసరికి లంకలో నడుంలోతు నీళ్ళు. అతని భార్యను ఇంటికప్పు మీంచి దింపారు. బిడ్డను గంపలో పెట్టి గుండెకు హత్తుకుని కూర్చుందట. అందరూ బతికారు. గట్టు మీద ఆమె ముఖం చూడలేకపోయాను.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని రీడరు మీదే విసుక్కున్నాను, సిగ్గులేకుండా.

"మీకు చెప్పటానికి గంట ముందే చూశానండీ. ఒక్కసారి కనబడ్డ అంకె మీకు చెప్పటం మానేసి, పాతదే చెప్పేస్తున్నానండి. మళ్ళా చూసినప్పుడు కూడా ఉంటేనే కొత్తది చెబుతున్నా. అంతమందిలో మిమ్మల్ని తిట్టారు గదండీ."

నా జాగ్రత్తకు తోడు నా కోసం అతను పడ్డ జాగ్రత్త.

మర్నాటి నుంచి సగటు రెండు రీడింగులకే కడుతూ వచ్చాను. చూసింది చూసినట్టు చెప్పమన్నాను. ఆ నెలలోనే మరోసారి ఊరికే లంక ఖాళీ చేయించి, మళ్ళీ తిట్లు తిన్నాను.

అతను మాత్రం ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, అంకె చెప్పేముందు ఒక మాట అనేవాడు.

"ఇది ఇప్పటిదండీ."