గొంగడి కప్పిన టీవీ

కంప్యూటర్ ముట్టేముందు చేతులు తుడుచుకొమ్మని ఫోన్ చేసినప్పుడల్లా ఎందుకంటానని అడిగావు కదా, బిడ్డా. అప్పట్లో అచ్చంపేట బస్సులో నా పక్కన ఒక పంతులు కూర్చున్నాడు. బడికొచ్చిన కొత్త టీవీకి గొంగడి కప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. బయట వాన దంచుతోంది.

"బళ్లె కరెంటున్నదా, సారూ?" అన్నాను.

"లేదక్కా. పైన తీగకు కొండి తగిలిస్త. రేపు పిల్లలు టీవీల పాఠం చూడాలె."

"ఇంత వానల కొండేస్తరా? లైన్‌మన్‌ను రానియ్యరాదు!"

"ఆయనొచ్చేటాళ్లకు నా పిల్లలకు పెండ్లిళ్లయితయి," అని నవ్వాడు.

ఊరు రాగానే దిగాడు. రోడ్డు పక్కనే బడి, గడప దాకా నీళ్లు. ఆ నీళ్లలోంచే పిల్లలు ఉత్తకాళ్లతో కేకలేస్తూ ఎదురొచ్చారు. బస్సు కదిలింది.

మరునాడూ వాన తెరిపియ్యలేదు. తడిచేతులతో ఆ టీవీని ముందుగా ముట్టింది ఎవరో, నాకు ఇప్పటికీ తెలియదు, బిడ్డా.