తోవ అడిగే రాయమల్లు

లక్సెట్టిపేట నేతగాడు రాయమల్లుకు కల్లు అలవాటు లేదు, చుట్ట అలవాటు లేదు. ఉన్నదల్లా ఒక్కటే, తోవ అడిగే అలవాటు. తెలియని ఊళ్లో తోవ అడిగితే వింతేముంది? రాయమల్లు పుట్టి పెరిగిన వాడలో, తన ఇంటి ముందే నిలబడి, తన ఇంటికే తోవ అడిగేవాడు. అదీ ఎవరిని? పక్కింటి బాలవ్వను.

బాలవ్వకూ రాయమల్లు భార్య బాలలక్ష్మికీ రెండు నెలలుగా మాటల్లేవు. తమ నేతకని వాడలో బారుగా చాపిన నూలు పడుగు మీద బాలవ్వ కోళ్లు నడిచి పోగులు తెంపాయి. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు. రాయమల్లు మాత్రం సంత నుంచి వస్తూ సరిగ్గా ఆమె గడప ముందే ఆగేవాడు.

"వదినా, గీ రాయమల్లు ఇల్లు ఎటు?"

"గదే, పక్కకే ఉన్నది" అనేది బాలవ్వ నవ్వాపుకుంటూ.

లోపలికి రాగానే బాలలక్ష్మి విరుచుకుపడేది. "గామెను ఎందుకడిగినవ్?"

"ఇల్లు మారిందేమో అని."

"ఇల్లెట్ల మారుతది?"

"అడిగితే పోయేదేముంది లచ్చీ!"

పదేళ్ల కాపురంలో బాలలక్ష్మి దీనికి అలవాటు పడింది. కానీ ఆ ఎండాకాలం, అంటే కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం, కుర్రు మీదికి పోయిన రోజున మాత్రం మొగుణ్ని గోదావరిలోకి తోసేద్దామా అనుకుంది.

గోదావరి నడుమ తేలిన గడ్డను ఆ దిక్కున కుర్రు అంటారు. బాలలక్ష్మి తమ్ముడు గంగయ్య మగ్గం విడిచిపెట్టి, భార్య ఐలవ్వతో కుర్రు మీదికి చేరి పుచ్చకాయ తోట పెట్టాడు. చేతి పని మారింది కానీ నోటి దురుసు మారలేదు. శంకరవ్వ అనే ముసలామె మేక తోటలో పడి నాలుగు పాదులు మేసిందని, కుర్రు మీద ఉన్న ప్రతి ఇంటినీ తిట్టి, "నా గడప తొక్కద్దు" అని అందరికీ చెప్పి వచ్చాడు. ఇప్పుడు వాడికి బిడ్డ పుట్టింది. బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల వేడుక చేయాలి. "ఎవ్వలద్దు, మేనత్తవు నువ్వొస్తే చాలు" అని అక్కకు కబురు పంపాడు.

మేనత్త ఒక్కతే వస్తే ఎలా చాలుతుంది? తొట్టెల ఊపడానికి ఐదుగురు ముత్తైదువలు కావాలి. ఆ ఇంటివాళ్లు బొట్టు పెట్టి పిలవనిదే ఏ ఆడదీ పేరంటానికి రాదు. తమ్ముడి నోటికి పసిగుడ్డు తొట్టెల బోసిపోతుందేమోనని బాలలక్ష్మికి దిగులు పట్టుకుంది. పొద్దున్నే చేరి, తమ్ముణ్ని బతిమాలి, వాడి ఇంటి కుంకుమతో తానే గడపగడపకూ తిరిగి పిలవాలనుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా అంతా అయిపోవాలి. అందుకే చీకటితోనే పిల్లలిద్దర్నీ లేపి బండెక్కించింది.

బండి రేవు దాటి కుర్రు ఎక్కగానే శంకరవ్వ ఇల్లు. గుంజకు మేక. అక్కడే తోవ రెండుగా చీలింది.

రాయమల్లు బండి ఆపాడు. బాలలక్ష్మి కుర్రు మీదికి రావడం అదే మొదలు, ఆమెకూ తోవ తెలియదు.

"అవ్వా, గంగయ్య ఇంటికి తోవ ఎటు? ఇయ్యాల ఆయన బిడ్డ తొట్టెల. పొద్దు నెత్తికి రాకముందే పోవాలె. పిల్లలున్నరు, జర చెప్పు."

శంకరవ్వ మూతి ముడిచింది. అయినా తోవ అడిగినవాడికి చెప్పకుండా ఉంటుందా? "ఎడమ దిక్కు పో కొడకా."

ఎడమ దిక్కున మైలు దూరం పోయారు. వల అల్లుకుంటూ అంతయ్య కనిపించాడు. మళ్లీ బండి ఆగింది. మళ్లీ గంగయ్య, మళ్లీ బిడ్డ, మళ్లీ తొట్టెల.

"గిటెవలు పొమ్మన్నరు? ముంగట అంత ఇసుక. మళ్లి కుడి దిక్కు పో" అన్నాడు అంతయ్య.

రాయమల్లు ఎడ్లను మళ్లించాడు.

"శంకరవ్వ ఎడమ దిక్కన్నది గదా!" అంది బాలలక్ష్మి.

"పెద్దమనిషి చెప్పినంక మాట తీసేస్తే ఏం బాగుంటది?"

శంకరవ్వ ఇంటి ముందు నుంచే కుడి దిక్కుకు పోయారు. అక్కడ దశరథం తాటికమ్మలు కోస్తున్నాడు. గంగయ్య, బిడ్డ, తొట్టెల అంతా విని, "అయ్యో, గిటు బండ్లు పోవు. ఎడమ దిక్కే నయం" అన్నాడు. రాయమల్లు చెప్పకముందే ఎడ్లు వెనక్కి తిరిగాయి.

ఐదేళ్ల కూతురు కొమురవ్వకు అంతా అయోమయంగా ఉంది. "అవ్వా, గోదారి గీ చేతి దిక్కు ఉండె. గా చేతి దిక్కుకు ఎప్పుడు పోయింది?"

"నీ బాపునడుగు."

"బాపూ, గీ కుర్రు మీద మేకలన్ని ఒక్క తీరుగనే ఉంటయా?"

మూడోసారి చూస్తున్న మేక కూడా వీళ్లను గుర్తుపట్టి, మేత ఆపి చూసింది. శంకరవ్వ నెత్తి కొట్టుకుంది. ఎనిమిదేళ్ల సిద్దిరాములు అప్పుడే తండ్రి చెవిలో ఏదో చెప్పాడు. రాయమల్లు వాడి నోట్లో బెల్లం ముక్క పెట్టాడు. బాలలక్ష్మి ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేదు. పొద్దు పైకి పోతోంది, ఆమె ప్రాణం కిందికి పోతోంది.

చివరికి బండి గంగయ్య గుడిసె చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. తొట్టె కట్టి ఉంది, ఐలవ్వ బిడ్డను ఎత్తుకుని ఉంది. వాకిట్లో పిట్ట లేదు. పిలవడానికి పొద్దు లేదు. బాలలక్ష్మి అరుగు మీద కూలబడి, "నీ తోవలు పాడుగాను! నా మేనకోడలి తొట్టెల మట్టిల కలిపితివి గదయ్యా" అని ఏడ్చేసింది.

అంతలో ఎడమ దిక్కు నుంచి అలికిడి. శంకరవ్వ, ఇద్దరు కోడళ్లు, మేక. వాళ్ల వెనుక అంతయ్య, అతని భార్య. ముత్తైదువలంతా తల దువ్వుకుని, పసుపు రాసుకుని, పెట్టెల్లోని చీరలు తీసి కట్టుకుని ఉన్నారు.

"పేరంటానికి రాలేదమ్మా మేము. మమ్ముల ఎవలు పిలిచిండ్రు?" అంది శంకరవ్వ ఠీవిగా. "పాపం, పిల్లలతోని తోవ తప్పిండు, చేరిండా లేదా అని చూడవస్తిమి."

కుడి దిక్కు నుంచి దశరథం, భార్య వచ్చారు. "చేరిండా? ఎటు నుంచి చేరిండు?"

"నేను చెప్పిన తోవలనే!" అంది శంకరవ్వ.

"ఇసుకల దిగబడకుండ కాపాడింది నేను!" అన్నాడు అంతయ్య.

"ఎడమ దిక్కు మళ్లిచ్చింది ఎవలు మరి?" అన్నాడు దశరథం.

ముగ్గురూ వాకిట్లో వాదులాడుకుంటుంటే గంగయ్య తెల్లబోయి నిలబడ్డాడు. తోవ తప్పినవాడి క్షేమం అడగవచ్చిన వాళ్లను పొమ్మనడానికి ఎంత దురుసు నోరైనా లేవదు.

రాయమల్లు మెల్లగా అడిగాడు. "గంగయ్యా, మీ ఇంట్ల కుంకుమ బరిణె ఎటున్నది?"

గంగయ్య లోపలికి పోయి బరిణె తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. బాలలక్ష్మి కళ్లు తుడుచుకుని వరసగా బొట్లు పెట్టింది. శంకరవ్వ కోడళ్లిద్దరు, అంతయ్య భార్య, దశరథం భార్య, తను. సరిగ్గా ఐదుగురు. మొగుడు లేని శంకరవ్వ గొంతెత్తి పాట అందుకుంది. పాట అయ్యేసరికి గంగయ్య ఒక పుచ్చకాయ పగలగొట్టి, ఎవరూ చూడడం లేదనుకుని, సగం చెక్క మేక ముందు పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో సిద్దిరాములు తల్లి పక్కన చేరాడు. "అవ్వా, కుర్రు సుట్టూ తోవ గుండ్రంగ ఒక్కటే ఉన్నది. ఎటువోయినా మామ ఇల్లే. నేను బాపుకు చెప్పిన. 'నాకెర్కే, నువ్వు బెల్లం తిను' అన్నడు."

బాలలక్ష్మి మొగుడి వంక చూసింది. ఆయన ఎడ్లతో ఏదో ముఖ్యమైన సంగతి మాట్లాడుతున్నాడు. ఆమెకు కోపం రావాలి. రాలేదు. లక్సెట్టిపేట దాకా తమ్ముడిచ్చిన పుచ్చకాయ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పొద్దుగూకే వేళకు బండి వాడలోకి వచ్చింది. బాలవ్వ గడప ముందు రాయమల్లు అలవాటుగా ఎడ్లను ఆపాడు. ఆయన నోరు తెరిచేలోగా బాలలక్ష్మి పుచ్చకాయతో కిందికి దిగింది.

"అవ్వా, మనిల్లు గదే గదా!" అని అరిచింది కొమురవ్వ, మరింత అయోమయంగా.

వాకిలి ఊడుస్తున్న బాలవ్వ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"బాలవ్వా" అంది బాలలక్ష్మి నేల చూపులు చూస్తూ, "గీ రాయమల్లు ఇల్లు ఎటు?"

బాలవ్వ ఆమెను చూసింది, పుచ్చకాయను చూసింది. చీపురు గోడకు ఆనించి, కొంగు సర్దుకుంది.

"నాకు గూడ మంచిగ ఎరుక లేదు. పా, ఇద్దరం దేవులాడుదాం" అని ముందు నడిచింది.