వగియెం చేతి మందు

వగియెంది పెట్టే చెయ్యి. ఇంట్లో వేయించిన కర్రపెండలం ముక్కలు నాలుగు మిగిలితే నాలుగూ ఆకులో చుట్టుకుని పనికి తెచ్చేది. ఎవరికైనా తలనొప్పంటే చాలు, తన సీసా తీసి నుదుటికి నూనె పట్టించేది. వాళ్లు వద్దన్నా వదిలేది కాదు. వద్దు అనే మాట ఆవిడ చెవికి ఎక్కదని ఇమొగిరి కొండ కింది ఊళ్లో అందరికీ తెలుసు.

బట్ట మీద మైనంతో బొమ్మలు గీసే బాతిక్ పని ఆవిడది. వెదురు దండెం మీద బట్ట వేసుకుని, చిన్న పీట మీద కూర్చుని, రాగి మూతి కలంతో మరిగిన మైనం ముంచి, ఉఫ్ అని ఊది గీత గీయాలి. పక్షి రెక్కల్లో ఆవగింజంత చుక్కలు నింపడంలో వగియెంకి సాటి లేరు. నలుగురు ఆడవాళ్ల మధ్య ఒక పొయ్యి, దాని మీద మైనం మూకుడు. ఒకే పొయ్యి చుట్టూ కూర్చునేవాళ్లు ఒక తల్లి బిడ్డల కింద లెక్క. టీ ఒకటే, తిండి ఒకటే, తిట్లూ ఒకటే. పెద్దావిడ చేతికిచ్చినదాన్ని చిన్నవాళ్లు కాదనకూడదు. కాదన్నారంటే పీట ఎత్తుకుని ఇంకో పొయ్యికి పోతున్నట్టే.

ఒక ఏడు వగియెం కంట్లో పొర పెరిగి నల్లగుడ్డు మీదికి పాకింది. పట్నంలో కళ్ల డాక్టరమ్మ దాన్ని కోసి తీసేసి, ఒక ఆయింట్‌మెంటు రాసిచ్చింది.

"ఇందులో రెండు మందులున్నాయి పెద్దమ్మా. ఒకటి చీము పట్టకుండా చూసే యాంటీబయాటిక్. రెండోది స్టెరాయిడు, వాపూ ఎరుపూ తగ్గడానికి. చేతులు కడుక్కుని, కింది రెప్ప లాగి, సన్నగా పెట్టుకోండి. ట్యూబు మూతి కంటికి తగలనివ్వకండి. నేను చెప్పినన్నాళ్లే వాడండి, ఎక్కువైతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. మిగిలింది పారేయండి. ఇంకెవరికీ ఇవ్వకండి."

వగియెం అన్నీ తు.చ. తప్పకుండా చేసింది, చివరి రెండూ తప్ప. బంగారం లాంటి మందు పారేస్తారా ఎవరైనా?

పొయ్యి దగ్గర అందరికన్నా చిన్నది పైంతెన్. చుక్కల పని వగియెం దగ్గరే నేర్చుకుంది. తన తర్వాత ఆ రెక్కలు నింపేది ఈ పిల్లేనని వగియెం కనబడ్డవాళ్లందరితో చెప్పుకునేది. ఒకసారి జ్వరం తగిలి పైంతెన్ పెదవి మీద పొక్కులు లేచాయి. వెంటనే కుడి కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేక, నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ కూర్చుంది.

"పొగేలే అక్కా," అంది.

"పొగో సెగో, ఇటు తిరుగు." వగియెం ట్యూబు మూత తీసింది. "కోసిన కంటికే పనిచేసింది, నీ కంటికి చెయ్యదా?"

పక్క పీట మీది తుగినెం గొణిగింది. "ఓసారి డాక్టరుకి చూపిస్తే పోలా?"

"డాక్టరిచ్చిందే కదే ఇది! మళ్లీ అంత దూరం ఎందుకు?"

మర్నాటికి ఎరుపు పలచబడింది. వగియెం ఆనందం ఇంతా అంతా కాదు. ట్యూబు మొత్తం పైంతెన్ చేతిలో పెట్టేసింది. "రోజూ పెట్టుకో. మానేశావో, చెవి మెలేస్తా."

ఎరుపు పోయింది గాని చూపు మసకబారింది. పైంతెన్ ఆ సంగతి పైకి అనలేదు. "ఎలా ఉందే?" అని వగియెం అడిగిన ప్రతిసారీ "బాగుందక్కా, నీ చలవే" అనేది. పెద్దావిడ మందు పనిచెయ్యలేదంటే ఆవిడ మొహం మీద కొట్టినట్టేనని ఆ పిల్ల భయం. బాధ ఎంతున్నా నవ్వుతూ బాగుందనడం అక్కడివాళ్లకి ఉగ్గుపాలతో అబ్బిన మర్యాద. నన్నడిగితే ఆ మర్యాదకి ఎప్పుడో నిప్పు పెట్టాల్సింది.

చివరికి బట్ట చెప్పింది. ఈ పనిలో మైనం ఒకవైపు పెడితే చాలదు. బట్ట తిప్పి, వెనక నుంచి కనబడే గీతల వెంబడి రెండోసారి పెట్టాలి. పైంతెన్ ముందువైపు ముగించిన బట్ట వెనకవైపు పనికి వగియెం చేతికొచ్చింది. దండెం మీద పరిచి చూసి ఆవిడ కలం పక్కన పెట్టేసింది. మొదటి పక్షి రెక్క చక్కగా ఉంది. తర్వాతి దాంట్లో చుక్కలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. ఆఖరి పక్షికైతే రెక్క దాటి బయటెక్కడో పడ్డాయి.

"పైంతెన్, ఎడమ కన్ను మూసుకో. నా చేతిలో ఏముందో చెప్పు."

పైంతెన్ నవ్వబోయింది. "కలం అక్కా."

వగియెం చేతిలో ఏమీ లేదు.

"ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా?"

"నువ్వు పెట్టిన మందక్కా. బాగాలేదని ఎలా అంటాను?"

వగియెం పనిగుడ్డ కూడా విప్పకుండా పిల్లని రెక్క పట్టుకుని బస్సెక్కించింది.

డాక్టరమ్మ పైంతెన్ కంట్లో పసుపురంగు చుక్క వేసి, నీలం దీపంతో చూసింది. "వైరస్ పుండు, కొమ్మలు కొమ్మలుగా పాకింది. ఏం మందు వాడావమ్మా?"

పైంతెన్ నేల చూపులు చూసింది. అప్పుడు కూడా ఆ పిల్ల నోట వగియెం పేరు రాలేదు.

"నేను పెట్టానండి," అంది వగియెం. "మీరు నాకిచ్చిందే."

డాక్టరమ్మ కేకలెయ్యలేదు. "ఎరుపు చూడ్డానికి అందరికీ ఒకలాగే ఉంటుంది పెద్దమ్మా. వెనకున్న జబ్బు వేరు. స్టెరాయిడు మీ కంట్లో వాపు తీసింది. ఈమె కంట్లో వైరస్‌ని ఎదుర్కొనే బలాన్ని తీసింది. పైకి ఎరుపు పోయింది, పుండు లోపలికి దిగింది."

"కన్ను దక్కుతుందా అండీ?"

"దక్కుతుంది. చూపెంత తిరిగొస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను."

ఆ మందు ఆపించి వేరే మందులు మొదలుపెట్టారు. కన్ను దక్కింది. నడిమధ్య మాత్రం మసక మిగిలిపోయింది. చుక్కల పని ఇక పైంతెన్ వల్ల కాలేదు. బొమ్మల చుట్టూ ఖాళీ జాగాలో లావు కుంచెతో మైనం పూసే పనిలోకి మారింది. పొయ్యి దగ్గర ఎవరూ వగియెంని పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆవిడ కర్రపెండలం ముక్కలు తేవడం కూడా మానేసింది. పెట్టే చెయ్యి ముడుచుకుపోయింది.

ఒక మధ్యాహ్నం పైంతెన్ డాక్టరమ్మ ఇచ్చిన చుక్కల మందు వేసుకోబోతే రెండుసార్లు బుగ్గ మీద పడింది. సీసా వగియెం వైపు చాచింది.

"నువ్వు వెయ్యక్కా."

"నేనా?" వగియెం గబగబా లేచి, మైనం అంటిన వేళ్లతోనే సీసా అందుకోబోయింది.

పైంతెన్ చెయ్యి వెనక్కి లాక్కుంది. "వద్దు. ముందు చేతులు కడుక్కో. సబ్బుతో."

తుగినెం కలం గాల్లోనే ఆగిపోయింది. ఆ పొయ్యి దగ్గర వగియెం మొహాన ఇంత గట్టిగా ఎవరూ వద్దనలేదు, ఇన్నేళ్లలో.

వగియెం బావి దగ్గరికెళ్లింది. గోళ్లలో మైనం పోయేదాకా తోముకుంది. తోముకుంటూ తోముకుంటూ బావురుమంది. ఆ ఒక్క మాట అప్పుడే అని ఉంటే ఎంత బాగుండేదే తల్లీ అనుకుంది. మొహం కూడా కడుక్కుని వచ్చి పైంతెన్ ముందు చేతులు చాపింది.

పైంతెన్ వాటిని తన మంచి కంటికి దగ్గరగా పట్టుకుని, ముందు అరచేతులు చూసింది, తర్వాత తిప్పి గోళ్లు చూసింది.

"ఆ, ఇప్పుడు వెయ్యి."