ఊరించే హోల్

ఆఫీసులో ఆయన్ని అందరూ కాలువల మాస్టారు అంటారు. గోల్ఫ్ మైదానాలు గీసే ఆ సంస్థలో చేరినప్పటి నుంచీ ఆయన చేతికి వచ్చినవన్నీ వాననీరు పోయే దారులే. చూసినవాళ్ళు ఆహా అనే మలుపుల్ని ఇంకెవరో గీసేవారు. ఆ మలుపుల కింద గొట్టాలు ఎటు వంగాలో ఈయన గీసేవారు. గొట్టాలను చూసి ఆహా అన్నవాళ్ళు లేరు.

రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాక సంస్థ యజమాని పెద్దాయన పిలిచారు. "చెరువు పక్కన చిన్న హోల్ ఒకటి మిగిలింది. మీరే గీసి, మట్టి పని చేయించండి. వచ్చి చూస్తాను. నచ్చితే మీది. నచ్చకపోతే నా పాత డ్రాయింగు ఒకటి పెట్టేద్దాం."

బంతిని మొదట కొట్టే చోటు నుంచి జెండా పాతిన గుంత దాకా నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్ అది. కానీ పొట్టిది. కాస్త కండ ఉన్నవాడికి ఒక్క దెబ్బకే జెండా దాకా కొట్టేయొచ్చనిపిస్తుంది. మాస్టారు కుడివైపు విశాలమైన పచ్చిక పరిచారు. అటు కొడితే భయం లేదు గానీ, తర్వాతి దెబ్బ ఇసుక గుంత మీదుగా కొట్టాలి. ఎడమవైపు నీటి అంచున సన్నని దారి. అక్కడ బంతి నిలిస్తే జెండా ఎదురుగా ఉంటుంది. మనిషి ఈ రెంటి మధ్యా ఊగిసలాడాలి.

ఆ హోల్ ఆయన్ని పట్టుకుని వదల్లేదు. ట్రేసింగు కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిస్తే, అడుగున గీసిన చెరువు పొగమంచులోంచి చూసినట్టు కనిపించేది. బస్సులో ఇంటికి వెళుతుంటే తారురోడ్డు పచ్చబడి, దూరాన సిగ్నలు దీపం జెండాలా ఊగేది. దిగాల్సిన స్టాపు దాటిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కన నడుం వాల్చిన భార్యను ఉన్నట్టుండి "కదలకు!" అన్నారు.

"ఏమైంది? పురుగేమైనా పాకుతోందా?"

"దుప్పటి మీద ఆ మిట్ట చూడు. బంతి దాని మీద పడితే నెమ్మదిగా నీళ్ళవైపు జారుతుంది."

"అది మిట్ట కాదు మహానుభావా, నా మోకాలు. తిమ్మిరెక్కుతోంది."

మర్నాడు ఆ మోకాలు డ్రాయింగులోకి ఎక్కింది.

మట్టి దిద్దే పని బుల్డోజరు డ్రైవరుది. మాస్టారికి జ్వరం వచ్చి మంచం దిగలేని రోజున ఫోన్లోనే పని చెప్పారు. "ఎడమవైపు, గట్టు దగ్గర, ఊరించాలయ్యా. బాగా ఊరించాలి."

"ఊరించేస్తాను సార్. మీరు పడుకోండి."

జ్వరం తగ్గాక మాస్టారు వెళ్ళి చూశారు. డ్రైవరు గట్టును లోపలివైపు పలచగా చెక్కేశాడు. చెరువు నీరు ఊరి, సన్నని దారి మధ్యలో మడుగు కట్టింది. అందులో ఒక మబ్బు తీరిగ్గా పడుకుని ఉంది.

"ఇదేంటయ్యా?"

"మీరేగా ఊరించమన్నారు! చూడండి, ఎంత చక్కగా ఊరిందో."

"నేను ఊరించమన్నది ఆటగాణ్ణి!"

"గట్టు దగ్గరైతే నీళ్ళు ఊరతాయి గానీ సార్, ఆటగాడెలా ఊరతాడు?"

బతుకంతా నీళ్ళను బయటికి సాగనంపిన మనిషి. తనదంటూ దొరికిన ఒక్క హోల్లోకి అవే వచ్చి తిష్ఠ వేశాయి. ఆయన తిట్టడానికి నోరు తెరిచేలోగా కారు తలుపు చప్పుడైంది. పెద్దాయన కర్రల సంచితో దిగారు.

"ఆ తడి ఏంటి?"

గొప్పగా ఏదైనా అల్లి చెప్పొచ్చు. మాస్టారికి అది చేతకాలేదు. "పొరపాటు జరిగింది సార్. రేపే పూడ్పిస్తాను. మీరు కుడివైపు కొట్టండి, అటు బెడద లేదు."

"కుడివైపా? నేనా?"

పెద్దాయన సంచిలోంచి అన్నిటికన్నా పొడుగు కర్ర లాగారు. బంతి నీళ్ళ మీదుగా తెల్లగా, తొందర లేకుండా వెళ్ళి, మబ్బు నడిమధ్యలో పడింది. మబ్బు ముక్కలై మళ్ళీ అతుక్కుంది.

మాస్టారు మనసులో అప్పుడే గొట్టం గీసేస్తున్నారు, మడుగులోంచి చెరువులోకి. పెద్దాయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపారు.

"ఇంకో బంతి."

అదీ మునిగింది. దాని వెనకే ఇంకోటి.

"పూడుస్తానంటారేంటి? ముందు నన్ను దాటనివ్వండి," అంటూ పెద్దాయన సంచి అడుగంటా వెతికారు. సంచి ఖాళీ. ఆయన కళ్ళు మాత్రం మడుగు మీదే ఉన్నాయి.

డ్రైవరు మాస్టారి చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడాడు. "ఆయన కూడా ఊరారు సార్."

"నోర్ముయ్," అన్నారు మాస్టారు. ఎక్కడైనా ఒక బంతి దొరక్కపోతుందా అని జేబులు తడుముకుంటున్నారు.