కట్టు కింద జరిగే పని

ఫ్యాక్షన్ రోజుల్లో నేను జమ్మలమడుగులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సును. మా వైపు దెబ్బ తినడం ఒక ఎత్తు, దాన్ని పార్టీవాళ్ళకు చూపించడం ఇంకో ఎత్తు. పరామర్శకు వచ్చిన ప్రతి పెద్దమనిషి ముందూ కట్టు విప్పాల్సిందే. విప్పకపోతే వచ్చినాయన్ను అవమానించినట్టట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి పులివెందుల వైపు చీనీతోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, పనిచేసే ఒకాయన్ను తొడలో నాటుబాంబు పెంకులతో తెచ్చారు. డాక్టరు పెంకులు తీసి, గాయంలో గుడ్డ కూరి గట్టిగా కట్టాడు. రక్తం ఆగింది. మర్నాడు ప్రొద్దుటూరు నుంచి చిన్న లీడరొకడు వచ్చాడు. నేను మందుల గదిలో ఉండగా రోగి తమ్ముడు కట్టు లాగేశాడు. గడ్డకట్టిన రక్తం గుడ్డతోపాటే ఊడొచ్చింది. పరుపు తడిసి నేల మీదికి కారింది.

మళ్ళీ కట్టి, రక్తం ఎక్కించాక, డాక్టరు రోగి రక్తపు చుక్కను నాకు మైక్రోస్కోపులో చూపించాడు. ఎర్రకణాల మధ్య ఊదారంగు నలుసులు, ప్లేట్‌లెట్లు. వాటి బతుకే వారం పది రోజులన్నాడు. రక్తనాళం బాగున్నంతసేపు దేనికీ అంటుకోకుండా పోతుంటాయి. గోడ చిరిగితే చాలు, ఆకారం మార్చుకుని అతుక్కుని మిగతావాటిని పిలుస్తాయి. చిరుగు దాటి మంచి గోడ దగ్గరికి వచ్చేసరికి ఆ గోడే వాటిని ఆపుతుంది. మా ఊళ్ళల్లో ఒక్క కేకకు వందమంది పోగయ్యేవాళ్ళు, ఇక చాలనే మనిషే ఉండేవాడు కాదు. ఈ నలుసులకు ఎవరు నేర్పారు ప్రభువా అనుకున్నాను.

రోగి భార్యకు ఆ నలుసుల సంగతి నాకొచ్చిన మాటల్లో చెప్పాను. "లోపల పని జరుగుతాందమ్మా. ఈసారి తెరిస్తే మనిషి దక్కడు."

ఆమె నోరు తెరుచుకుని విన్నది. "మేం పెరికేసినా మళ్ళా మొదట్నుంచి చేసుకుంటాండాయా?"

సాయంత్రం పెద్ద లీడరు కార్లతో దిగాడు. నేను గదిలో ఉండగానే ఆమె లోపల గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. మరిది బయట బాదుతున్నాడు.

"వదినా, తలుపు తీ! లీడరన్న వచ్చినాడు. చూపీకుంటే ఎట్ల?"

"చూపీనబ్బీ. అది మూసుకుంటాంది. ఆయప్ప కోసరం తెరిచేది లేదు. ఎవురేమన్నా అనుకోండి."

బయట గొణుగుళ్ళు, కాసేపటికి కార్ల చప్పుడు. ఆమె తలుపు వెంబడే జారి కూలబడింది.

"పోయినారా సిస్టరమ్మా?"

"పోయినారు."

నేల మీద పాకుతూ మంచం దగ్గరికి వచ్చి, కట్టు మీద అరచెయ్యి పెట్టింది. ఎత్తి చూసుకుంది. చెయ్యి పొడిగా ఉంది.