పశువుల పాక పక్కన ఇసుక బకెట్

నిన్న విరుదునగర్‌లో క్రిస్మస్ దీపాలు చూడ్డానికి వెళ్లాం. మా పాప ఫోటో తీయమంది. నా కళ్లు మాత్రం యేసు పుట్టుకను చూపించే బొమ్మల కోసం గడ్డితో వేసిన పశువుల పాక పక్కన ఇసుక బకెట్ ఉందా అని వెతికాయి.

కోవిల్‌పట్టిలో నాతో పెరిగినవాళ్లారా, ఆ చర్చి దీపాలు గుర్తున్నాయా? మా నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చొక్కా ఉతికినా అగ్గిపుల్లల మందు వాసన పోయేది కాదు. మేం చర్చికి వెళ్లేవాళ్లం కాకపోయినా ఏటా దీపాలు చూపించేవాడు. ఒక ఏడు అందరూ పాకలోని బాలయేసు బొమ్మను చూస్తుంటే నాయన మాత్రం గడ్డి మీదుగా పోయే దీపాల కరెంటు వైరునే చూశాడు. పక్కన ఇల్లు కడుతున్నవాళ్లనడిగి బకెట్ నిండా ఇసుక మోసుకొచ్చి పాక దగ్గర పెట్టాడు.

“ఏమయ్యా, ఊరంతా దీపాలు సూస్తావుంటే నువ్వు ఇసక మోస్తావా? మానం పోతాంది!” అంది అమ్మ.

“ఎండుగడ్డి కదే. ఒక్క నిప్పు పొరి, ఒక్క రవ్వ పడితే సాలు,” అన్నాడు నాయన.

నేను సిగ్గుతో దూరంగా జరిగాను.

మరుసటేడు వెళ్లేసరికి పాక పక్కన ఎర్రరంగు వేసిన ఇసుక బకెట్ ముందే ఉంది. గొర్రెల బొమ్మలకూ ఒంటెల బొమ్మలకూ కట్టినట్టే దానికీ కాగితం పూలదండ కట్టారు.

ఆ సాయంత్రం నాయన తీరిగ్గా తలెత్తి పాక మీద వేలాడదీసిన నక్షత్రాన్ని చూశాడు.